గంజి సంచులు

ఆగస్టు 3

తమ్ముడూ,

మూట అందింది. విప్పి చూస్తే సంచులు తక్కువ, చిరుగులు ఎక్కువ. ఆముదం గెలలకి తొడగమని మల్లుగుడ్డ తెచ్చి, ఒక్కొక్కదానికీ రెండేసి కుట్లు వేసి, గంజి పెట్టి పంపిస్తే, మీరు వాటిని అక్కడ ఏం చేస్తున్నార్రా? మీ బావ చూసి, మీ తమ్ముడు పరిశోధన చేస్తున్నాడా, పాత పగలు తీర్చుకుంటున్నాడా అన్నారు.

కుడతానులే. మిషను ఖాళీగా ఉంటే నాకూ ఏమీ తోచదు. స్కూలు బట్టల పని అయిపోయింది. మీ బావ లారీ ఎక్కితే మళ్ళీ ఎప్పుడు దిగుతారో ఆయనకే తెలీదు. ఇంట్లో మిగిలేది నేనూ, నా పిడుగూ. మామయ్య మూట వచ్చిందంటే దాని సంబరం చూడాలి. సంచి తలకి తొడుక్కుని కిరీటం అంటుంది, చేతికి తొడుక్కుని కుక్కపిల్ల అంటుంది. మధ్యాహ్నం మిషను చప్పుడు వింటూ ఆ కుప్ప మీదే నిద్రపోతుంది. ఐదేళ్ళొచ్చినా మనిషి ఎదగలేదు, నోరు మాత్రం నాలుగు వీధులకి సరిపడా ఎదిగింది.

ఒక్కటే దిగులు. దానికి దగ్గు పట్టుకుంది. మామూలు దగ్గయితే నీకు రాసేదాన్ని కాదు. నిద్రలో ఊపిరి తీస్తుంటే లోపల్నించి సన్నగా ఈల వినిపిస్తోంది. మందులషాపతను పడిశం అన్నాడు. అదే అయ్యుండాలి. కానీ ఆ ఈల నేను ఇదివరకు విన్నాను. నీకప్పుడు ఊహ లేదు. అమ్మ చివర్లో మంచం మీద కూర్చునే నిద్రపోయేది, పడుకుంటే గాలి అందేది కాదు. అప్పుడు విన్నాను.

నీ సంచులు ఉతికి కుట్టనా? పట్టుకుంటే చేతులు దురద పెడుతున్నాయి.

దిగులుతో,
అక్క

ఆగస్టు 10

అక్కా,

ఉతకొద్దు. నీకు పుణ్యం ఉంటుంది, ఆ పని మాత్రం చేయొద్దు. ఉతికితే గంజి పోతుంది, నేత వదులవుతుంది, ఆ సందుల్లోంచి పక్క మొక్కల పుప్పొడి దూరుతుంది. అప్పుడు సంచి తొడిగినా ఒకటే, తొడక్కపోయినా ఒకటే. దురద గంజి వల్లే. మా చేతులకీ ఉంటుంది, రెండ్రోజుల్లో అలవాటైపోతుంది.

చిరుగుల సంగతి అడిగావు కాబట్టి చెప్తాను. కాయలు ఎండాక గెలని సంచితో సహా కోస్తాం. కొట్టంలో పోగేసి, సంచి విప్పకుండానే కర్రతో బాది గింజ రాలుస్తాం. ఒక మొక్క గింజ ఇంకో మొక్క గింజతో కలిస్తే ఏది ఎవరి బిడ్డో తెలీదు మరి. అందుకని దెబ్బలన్నీ నీ కుట్ల మీదే పడతాయి. పోయిన పంట గెలలు ఇంకా కొట్టం నిండా ఉన్నాయి. అవన్నీ రాల్చి, కొత్త పంట పూతకొచ్చేలోగా ఆ సంచులే మళ్ళీ తొడగాలి.

ఈసారి పంట చూస్తే నువ్వు నన్ను తిట్టవు. ఒక రకం పొట్టిది, గెలంతా ఆడపూలే. ఎండ మరీ ముదిరితే మధ్యలో ఒకటీ అరా మగపువ్వు తొంగిచూస్తుంది, దాన్ని గిల్లేయాలి. ఆ ఆడ గెలకి ఇంకో పొడుగు రకం పుప్పొడి తెచ్చి అద్దుతాం. రెండూ విడివిడిగా ఏమంత గొప్పవి కావు. ఒకటి బక్కది, ఇంకోటి బద్ధకస్తురాలు. వాటికి పుట్టిన పిల్ల మాత్రం ఇద్దర్నీ తలదన్నుతోంది. గెలలు ఎక్కువ, గింజ బరువు, నీళ్ళు తగ్గినా మొహం వాడదు. దీన్నే సంకర బలం అంటాం. సంబంధం ఎంత దూరపుదైతే అంత బలం. ఇది నిలబడితే చిన్న రైతులకి అదే నేలలో దిగుబడి సగానికి సగం పెరుగుతుంది. మూడేళ్ళుగా నేను ఇల్లూ వాకిలీ లేకుండా పడి ఉన్నది దీని కోసమే.

పిడుగుకి ఆవిరి పట్టించు. వాన గాలికి తిప్పకు. మామయ్య వచ్చేటప్పుడు నిజం కిరీటమే తెస్తాడని చెప్పు.

నీ సంచులు చింపే,
తమ్ముడు

ఆగస్టు 24

తమ్ముడూ,

పిల్ల మంచం అంచున కూర్చుని రాస్తున్నాను, అక్షరాలు సరిగ్గా రాకపోతే సర్దుకో.

పోయిన సోమవారం పిడుగు పెదాలు నీలంగా అయిపోయాయి. ఆడుకుంటూనే వచ్చి నా మోకాలు పట్టుకుంది. అమ్మా అనడానికి కూడా గాలి లేదు దానికి. ఎత్తుకుంటే పొట్ట ఎగిరెగిరి పడుతోంది. మీ బావ లేరు. నేను అరిచిన అరుపుకి కింద ఇస్త్రీ అతను పెట్టె వదిలేసి పైకి వచ్చాడు, పిల్లని భుజాన వేసుకుని ఆస్పత్రి దాకా పరిగెత్తాడు. నేను వెనకాల చెప్పుల్లేకుండా వెళ్ళాను. అది కూడా అక్కడికెళ్ళాకే చూసుకున్నాను.

ముక్కుకి గొట్టం పెట్టారు. డాక్టరమ్మ ఆయాసం అంది. ఇంట్లో ఎవరికైనా ఉందా అని అడిగింది. మా అమ్మ దీంతోనే పోయిందని చెప్పాను. ఆవిడ తల ఊపి రాసుకుంది.

అక్కడున్న మూడు రోజులూ దానికి దగ్గే లేదు. పక్క మంచం ముసలావిడకి పాటలు నేర్పింది. నర్సు విసుక్కుని, ఇంత నోరున్న పిల్లకి ఆయాసమేమిటమ్మా, తీసుకుపో అంది. తీసుకొచ్చాను. తెల్లారి నీ రెండో మూట వచ్చింది. మామయ్య మూట, మామయ్య మూట అని గంతులేసింది. ఆ గంతులకే అనుకుంటా, సాయంత్రానికి మళ్ళీ మొదలైంది. ఈసారి మందుతో తగ్గింది.

ఇప్పుడు నేను కుడుతూ కుడుతూ మిషను ఆపి వింటున్నాను. ఈల వినిపిస్తే భయం, వినిపించకపోతే ఇంకా భయం. తమ్ముడూ, తల్లి గుణం బిడ్డకి ఎలా వస్తుందో తేల్చడమే కదా నీ ఉద్యోగం. దాచకుండా చెప్పు. అమ్మది దీనికి వచ్చిందా?

అక్క

సెప్టెంబరు 1

అక్కా,

నీ ఉత్తరం చదివాక పొలంలోకి వెళ్ళాను గానీ ఏ వరసలో ఉన్నానో తెలీలేదు. దాచకుండా చెప్పమన్నావు. అందుకని నాకు తోచింది తోచినట్టు రాస్తున్నాను, కోప్పడకు.

బావ మన మేనమామ కొడుకు. అమ్మా, బావ వాళ్ళ నాన్నా ఒక తల్లి పిల్లలు. అంటే మనింటి రక్తం పిడుగుకి నీ వైపు నుంచి ఒకసారి, బావ వైపు నుంచి ఇంకోసారి, రెండు దారుల్లో వచ్చింది. మా మొక్కల్లో ఒకే కుటుంబాన్ని అందులో అందులోనే కలుపుతూ పోతే, లోపల దాక్కున్న జబ్బులన్నీ బయటపడతాయి. మొక్క పొట్టిదైపోతుంది, నీరసిస్తుంది, చిన్న గాలికి కూడా తట్టుకోదు. సంకర బలానికి ఇది పూర్తిగా తిరగబడ్డ లెక్క. పిడుగు ఎదగకపోవడం, ఈ ఆయాసం, రెండూ ఒకటేనేమోనని నాకు భయంగా ఉంది. డాక్టరమ్మతో మేనరికం సంగతి చెప్పు. దాచొద్దు.

ఇంకో మాట. ఆస్పత్రిలో తగ్గి ఇంటికి రాగానే మొదలవుతోందంటే వీధి దుమ్ము పనే. కిటికీలు మూసేయ్. దాన్ని బయటికి వదలకు, నీ కళ్ళ ముందే, మిషను పక్కనే కూర్చోబెట్టుకో.

రేపు బస్సుకి ఇంకో మూట వేస్తున్నాను. ఇదే పెద్దది. ఆడ మొక్కలు గెల వేస్తున్నాయి, పూలు విచ్చుకోకముందే తొడగాలి. ఇలాంటప్పుడు నీకు పని చెప్పడం నాకే బాగాలేదు. కానీ నీ కుట్టు మీద ఉన్న నమ్మకం నాకు ఇంకెవరి కుట్టు మీదా లేదు.

భయంగా ఉంది అక్కా. వెంటనే రాయి.

తమ్ముడు

సెప్టెంబరు 9

తమ్ముడికి,

నీ ఉత్తరం మీ బావ చదివారు. నేను చూపించలేదు. లారీ దిగి వచ్చేసరికి బల్ల మీద ఉంది, పిల్ల గురించి ఏమైనా రాశావేమోనని చదివారు. చదివి, మళ్ళీ అలాగే మడిచి, వెళ్ళి పిల్ల పక్కన కూర్చున్నారు. భోజనానికి పిలిస్తే రాలేదు. చాలాసేపటికి, "నా వల్లేనా?" అని ఒక్క మాట అడిగారు. పొద్దున్నే మళ్ళీ లారీ ఎక్కారు. వెళ్ళేటప్పుడు పిల్లని ముట్టుకోలేదు. రోజూ ముద్దుపెట్టి వెళ్ళే మనిషి.

అడిగింది నేనే, ఒప్పుకుంటాను. అడిగితే మాత్రం అలా రాసేయడమేనా? నా పెళ్ళి నీ మడిలో వేసిన వరస కాదు. నా కూతురు నీరసించిన మొక్క కాదు. నీ పొలంలో బక్క మొక్కని పీకి పారేస్తారు. నేనేం చెయ్యను? నువ్వు చిన్నప్పుడు ఎవరి భుజాలెక్కి ఊరేగావో, ఎవరు తన జీతంలోంచి నిన్ను కాలేజీలో చదివించారో, ఆ మనిషి రక్తం ఇప్పుడు నీకు జబ్బు రక్తమైపోయింది.

అయినా నీ మాట వినకుండా ఉండేంత ధైర్యం నాకు లేదు. కిటికీలన్నీ మూశాను. కిందున్న సందుల్లో కూడా గుడ్డలు కుక్కాను. పిల్లని వీధిలోకి పంపడం మానేశాను. పొద్దస్తమానం నా పక్కనే, నీ పెద్ద మూట మీదే కూర్చుంటోంది. సంచులు తిరగేసి ఇవ్వడం దాని పని. ఒక్కొక్కటీ దులిపి మరీ ఇస్తుంది.

ఏం లాభం? నిన్న మళ్ళీ వచ్చింది. ఇప్పుడు ఊపిరి తీస్తుంటే మెడ దగ్గర గుంట పడుతోంది, పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. నోటితో చెప్పలేక నా వంక చూస్తుంది. నేనేదో చేస్తానని చూస్తుంది. ఆ చూపు నేను తట్టుకోలేకపోతున్నాను.

మాటిచ్చాను కాబట్టి నీ సంచులు కుట్టి పెడతాను. నువ్వు మాత్రం రాయకు. నీ చదువు వినే ఓపిక నాకు లేదు. రాసినా చింపి చూడను.

ఇంతే

సెప్టెంబరు 15

అక్కా,

ఈ ఉత్తరంలో రక్తం గురించి ఒక్క ముక్క కూడా లేదు. ధైర్యంగా చదువు.

బావకి నా ముఖం ఎలా చూపించాలో తెలీడం లేదు. ఆయనకి విడిగా రాశాను, లారీ ఆఫీసు చిరునామాకి పంపాను. నాకు మొక్కల భాష తప్ప మనుషుల భాష రాదని మా పెద్ద సారు ఎప్పుడూ అంటుంటారు. నిజమే. భయం వేస్తే నాకు ఆ లెక్కలే నోటికొస్తాయి.

పిడుగు ఎలా ఉంది? అది ఒక్కటి రాయి. బాగుంది అనో, బాగాలేదు అనో రాసి పంపు, చాలు. సంచులు ఆలస్యమైతే కానీ. ఇక్కడ కాగితం సంచులతో ఎలాగో నెట్టుకొస్తాను.

నీ కోపానికి అర్హుడు,
తమ్ముడు

సెప్టెంబరు 21
ఎక్స్‌ప్రెస్ టపా

అక్కా,

ముందు పిడుగుని ఇంట్లోంచి బయటికి పంపేయ్. పక్కింటికో, ఇస్త్రీ కొట్టుకో, ఎక్కడికైనా సరే. పంపి వచ్చి మిగతాది చదువు.

పంపావా?

ఇవాళ కొట్టంలో గింజ రాల్చడానికి ఒకావిడ కొత్తగా చేరింది. సంచులు బాదడం మొదలుపెట్టిన కాసేపటికే కళ్ళు వాచాయి, మొహం ఎర్రబడింది, కింద కూలబడింది. నేను దగ్గరికి వెళ్ళేసరికి ఆవిడ ఊపిరిలో ఈల. నువ్వు రాసిన ఈలే అక్కా. బయటికి మోసుకొచ్చి, తల మీద నీళ్ళు పోసి, బట్టలు మార్పించి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. సూది వేస్తే తేరుకుంది. ఆముదం పొడి పడలేదంతే అన్నాడాయన, ఏదో మామూలు సంగతి చెప్పినట్టు. నిజంగా ఇక్కడ మామూలు సంగతే. గింజ నలిగితే వచ్చే పొడి కొందరి ఒంటికి పడదు. పడనివాళ్ళకి పీల్చిన కొద్దీ ముదురుతుంది. చేరిన మొదటి ఏడే మాకు చెప్పారు. అది కొట్టంలో ఉండే సంగతి అనుకున్నాను. మీ ఇంట్లో కూడా ఉంటుందని నా బుర్రకి తట్టలేదు.

ఆవిడ పడిపోయాక చేతిలోంచి సంచి తీశాను. దాని మీద నీ నీలం దారం కుట్టు ఉంది.

రక్తం కాదక్కా. బావ కాదు, అమ్మ కాదు. సంచులు. ఉతకొద్దన్నది నేను. కిటికీలు మూయమన్నది నేను. మిషను పక్కన కూర్చోబెట్టుకోమన్నది కూడా నేనే.

ఇలా చెయ్యి. సంచుల్ని దులపకు. తడి దుప్పటి కప్పి, మొత్తం చుట్టేసి, వెనక మెట్ల మీదుగా ఊరి బయటికి పంపించెయ్. కాల్చొద్దు, పొగ కూడా ఏం చేస్తుందో నాకు తెలీదు. ఇల్లు ఊడవకు, తడిగుడ్డతో తుడువు. పక్కలూ తెరలూ అన్నీ నీళ్ళలో వెయ్యి. నువ్వు తలస్నానం చేసేదాకా దాన్ని ఎత్తుకోకు. డాక్టరమ్మకి ఈ ఉత్తరం చూపించు.

నేనే పరిగెత్తుకు వచ్చేవాణ్ణి. కానీ నా జుట్టులో, చెవుల్లో, చొక్కాలో, పెట్టెలో, అంతటా అదే పొడి. నేను రావడం కంటే ఉత్తరం రావడం మంచిది. చేతులు కడుక్కుని, పోస్టాఫీసు బల్ల మీద, కొత్త కాగితం కొని రాస్తున్నాను. మీ కింద ఇస్త్రీ కొట్టు ఫోనుకి గంట నుంచీ చేస్తున్నాను, మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తడం లేదు.

ఆలస్యం చేయకు.
తమ్ముడు

సెప్టెంబరు 25

అక్కా,

జవాబు లేదు. ఇస్త్రీ కొట్టు ఫోను ఇప్పుడు మోగడం కూడా లేదు. చదివాక నువ్వు ఊరుకునే మనిషివి కాదు. అంటే చదవలేదు.

గుండు చేయించుకున్నాను. పొలం ముఖం చూడకుండా లాడ్జిలో ఉంటున్నాను. మూడు పూటలా స్నానం చేస్తున్నాను. కొత్త బట్టలు, కొత్త చెప్పులు కొన్నాను. రేపు తెల్లవారుజాము బస్సుకి బయలుదేరుతున్నాను. ఇది నాకంటే ముందు చేరి, నువ్వు దీన్నైనా చింపుతావేమోనన్న ఆశతో ఇవాళ్టి బస్సు కండక్టరు చేతికిచ్చి పంపుతున్నాను.

తలుపు తియ్యి చాలు. నేను లోపలికి రాను.

తమ్ముడు

అక్టోబరు 6

తమ్ముడూ,

నీ మూడు ఉత్తరాలూ మిషను సొరుగులో ఉన్నాయి. ఇవాళ చింపాను. ఎక్స్‌ప్రెస్ ఉత్తరం ఆ రోజుకి రెండ్రోజుల ముందే వచ్చింది. పోస్టతను సంతకం పెట్టించుకుని మరీ ఇచ్చాడు. మళ్ళీ ఏ జబ్బు లెక్క చెప్తావోనని భయపడి సొరుగులో పడేశాను.

పిడుగు బతికింది. ముందు అది రాయాల్సింది. ఇంటికి తెచ్చి నాలుగు రోజులైంది.

ఆ రోజు ఏం జరిగిందో నా వైపు నుంచి నీకు తెలియాలి. నువ్వు ఏమేమి ఊహించుకుంటున్నావో అక్కడ.

కిటికీలు మూసి ఉన్నాయి కాబట్టి నువ్వు పిలిచిన పిలుపు మొదట వినపడలేదు. మెట్లు దిగి వీధి తలుపు తీస్తే, వీధికి అవతల గుండుతో నువ్వు. ఎవరో పోతే తప్ప మనింట్లో ఎవరూ గుండు చేయించుకోలేదు. మీ బావ లారీ మీద ఉన్నారు. నా ప్రాణం అప్పుడే సగం పోయింది. ఏమైందిరా అని అరిస్తే, నువ్వు అన్న మొదటి మాట, "సంచులు ఎక్కడున్నాయి?"

మీ బావకి ఏమీ కాలేదని తెలిసిన సంతోషం ఒక్క క్షణమే. తర్వాత నాకు ఒళ్ళు మండిపోయింది. పిల్ల చావుబతుకుల్లో ఉంటే వీడు సంచుల కోసం వచ్చాడు అనుకున్నాను. లోపలికి రా అంటే గుమ్మం ఎదుట దాకా వచ్చి ఆగిపోయావు, రానన్నావు. మా గడప తొక్కితే నీకు జబ్బు రక్తం అంటుకుంటుందా అని అడిగాను. నువ్వేదో చెప్తున్నావు, నెమ్మదిగా తీసుకురా, తడి గుడ్డ, ఇంకేదో. నేను వింటేగా. లోపలికెళ్ళి ఆ మూట ఈడ్చుకొచ్చి, తీసుకుని పో అని నీ ముఖాన విసిరాను. ముడి ఊడిపోయింది. గుమ్మం ముందంతా సంచులే. ఆ దుమ్ము ఎండలో లేవడం నేను కళ్ళారా చూశాను. అది ఏమిటో నాకు తెలీదు తమ్ముడూ.

పిడుగు నా కాళ్ళ సందులోంచి దూరి, మామయ్యా అంటూ ఆ దుమ్ములోంచే నీ మీదికి వచ్చింది. నువ్వు వెనక్కి వెళ్ళావు. దగ్గరికి రాకు అన్నావు. ఇంకా వెనక్కి వెళ్ళావు. అది నవ్వింది. పట్టుకోమని ఆడుతున్నావనుకుంది. నువ్వు పరిగెత్తావు, అదీ పరిగెత్తింది. వీధి మలుపు దగ్గర పడిపోయింది.

నువ్వు దాని పక్కనే నిలబడి, రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, ఎవరైనా ఎత్తండి, ఎవరైనా ఎత్తండి అని అరుస్తుంటే నీకు మతి పోయిందనుకున్నాను. ఆ దుమ్మంతా నీ కొత్త బట్టల మీద ఉందని నువ్వు చెప్పినా అప్పుడు నాకు ఎక్కేది కాదు. ఇస్త్రీ అతను ఎత్తాడు. నేను బండి ఎక్కి వెనక్కి చూస్తే నువ్వు పరిగెత్తుకుంటూ వస్తున్నావు. ఆస్పత్రి గేటు దాకా వచ్చి అక్కడే ఆగిపోయావు. వాచ్‌మన్ చేత చీటీ పంపించావని, అది చూశాకే డాక్టరమ్మ మందు మార్చిందని తర్వాత చెప్పారు. చాలాసేపు నన్ను లోపలికి రానివ్వలేదు. ఆవిడ బయటికి వచ్చి, ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదమ్మా అంది. నీకు చెప్దామని గేటు దగ్గరికి వస్తే నువ్వు లేవు.

మీ బావ వచ్చారు. రక్తం కాదట అని చెప్పాను. పిల్లని ఒళ్ళో పెట్టుకుని సాయంత్రం దాకా దించలేదు.

గోడలకి సున్నం కొట్టించాం. మిషను విప్పించి నూనెతో కడిగించాను. అయినా సూది ఎక్కడైనా పట్టేస్తే, ఆ సందులో ఇంకా ఉందేమోనని చెయ్యి వెనక్కి వస్తోంది. ఉతకనివ్వలేదని నిన్ను తిట్టుకున్నాను. విసిరింది నేను కదా అని నన్ను తిట్టుకున్నాను. ఎవర్ని తిట్టినా భయం మాత్రం తగ్గడం లేదు.

మామయ్య నన్ను చూసి ఎందుకు పారిపోయాడు అని అడుగుతోంది. నువ్వే ఏదైనా రాయి. నాకు చెప్పడం చేతకావడం లేదు.

అక్క

జనవరి 12

అక్కా,

పిడుగుకి రాసిన చీటీ అందిందని, చదివి వినిపిస్తే నవ్విందని నువ్వు రాసిన ఆ రెండు ముక్కలే నవంబరు నుంచి చదువుకుంటున్నాను.

మొదటి కోత అయింది. పాత రకం ఒక బస్తా ఇచ్చిన నేలలో ఇది బస్తాన్నర పైనే ఇచ్చింది. తల్లికీ రాలేదు, తండ్రికీ రాలేదు అంత. పెద్ద సారు కొట్టంలోనే నన్ను కౌగిలించుకున్నారు. కొట్టంలో ఇప్పుడు అందరికీ ముక్కుగుడ్డలు ఇచ్చాం, సంచిలో బాదడం మానేశాం. కాగితం సంచి తొడుగుతాం, ఒక్కసారి వాడి పారేస్తాం. ఇదంతా ముందే చేసి ఉండాల్సింది. అందరూ భుజం తడుతుంటే నాకు వీధి మలుపే కనపడుతోంది.

నువ్వుల విభాగానికి మార్చమని అర్జీ పెట్టాను. ఇంకా జవాబు రాలేదు. అంతదాకా ఆగలేను అక్కా. వారం రోజులు సెలవు పెట్టి, పొలానికి దూరంగా ఉండి, బస్సు దిగిన చోటే స్నానం చేసి, అక్కడే కొన్న బట్టలు కట్టుకుని వస్తాను. లోపలికి రాను. మెట్ల మీద కూర్చుంటాను. రెండు గంటలు. డాక్టరమ్మని అడుగు, ఆవిడ సరేనంటేనే. దాన్ని ఒక్కసారి నా దగ్గరికి రానివ్వాలని ఉంది. నేను పారిపోలేదని అది చూడాలి.

నీ జవాబు కోసం చూస్తూ,
తమ్ముడు

జనవరి 20

తమ్ముడూ,

నీ ఉత్తరం వీధిలో నిలబడి చదివాను. ఈ మధ్య నీవన్నీ అక్కడే చదువుతున్నాను. చదివి డబ్బాలో వేసి మూత పెట్టి, చేతులు కడుక్కుని, బట్టలు మార్చుకుని లోపలికి వెళ్తున్నాను. నువ్వు చేతులు కడుక్కునే రాస్తావని తెలుసు. తెలిసినా అంతే.

డాక్టరమ్మని అడిగాను. నువ్వు చెప్పినట్టు చేస్తే ఫరవాలేదు, రమ్మను అంది. మీ బావ కూడా రమ్మనే అన్నారు. పాపం, కుర్రాడు కుమిలిపోతున్నాడు అన్నారు. అందరూ సరేనన్నారు. నేనే అనలేకపోతున్నాను.

నిన్న దానికి ఎక్కిళ్ళు వచ్చాయి. వట్టి ఎక్కిళ్ళు. నేను దాన్ని ఎత్తుకుని ఆస్పత్రి దాకా పరిగెత్తాను. నర్సు మంచినీళ్ళు తాగించి పంపించింది. అలా ఉంది నా సంగతి. నువ్వు వస్తానని రాస్తే నాకు సంతోషం రాలేదు, డబ్బా మూత రెండోసారి గట్టిగా నొక్కాను. నిన్ను చంకనేసుకుని పెంచాను. నిన్ను తలుచుకుంటే నాకు భయం వేస్తోందని నీకే రాయాల్సి వస్తుందని అనుకోలేదు. నీ తప్పు అని కాదు. ఆముదం వదిలేయకు, అంత మంచి పంటని ఎవరి చేతిలోనో పెట్టకు. వదిలేసినా నా భయం పోదు. నువ్వు మెట్ల మీద కూర్చుంటే, నేను నిన్ను చూడను, దాని మెడ దగ్గర గుంటే చూస్తూ కూర్చుంటాను. రావద్దు. ఎప్పుడు రావచ్చో నన్ను అడక్కు, నాకే తెలీదు.

ఇప్పుడే పిడుగు వచ్చి మామయ్య ఏం రాశాడని అడిగింది. పంట కోతలో ఉన్నాడు, ఇప్పట్లో రాలేడు అని చెప్పాను. అయితే నేనే వెళ్తాను అంది. చెప్పులేసుకుని, బాటిల్లో నీళ్ళు పోసుకుని, గుమ్మం దగ్గర కూర్చుంది. ఎంత పిలిచినా లేవడం లేదు. అది బయటికి వెళ్ళకుండా తలుపుకి లోపలి గడియ పెట్టి ఇది రాస్తున్నాను.

అక్క